చెల్లి జ్ఞాపకార్థం

బుధవారం పొద్దున ల్యాబుకు వచ్చిన డబ్బాల్లో నాలుగోది చెల్లిది.

ఆ డబ్బా ఈ వారమే వస్తుందని ల్యాబులో పనిచేసే ఆమె ముందే వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఉంది. ఆరు నెలల కిందట పక్క ఊరి నర్సింగ్ హోమ్ నుంచి చిన్న సీసా ఒకటి వచ్చింది. అందులో బియ్యపు గింజంత ముక్కలు నాలుగు. అప్పుడూ ఇదే పేరు, ఇదే ఊరు, చీటీ మీద ఇదే గుండ్రటి చేతిరాత. ఆ నర్సింగ్ హోమ్‌లో చీటీలు పేషెంట్ల చేతే రాయిస్తారు కాబోలు అనుకుంది. వయసు దగ్గర మాత్రం ఓ ఏడాది తగ్గించి రాసుకుంది చెల్లి. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ గింజల్ని కోసి, గాజు పలకల మీద పరిచి, రంగు పట్టించి, పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టింది తనే. రిపోర్టు చూడనక్కర్లేకపోయింది, డాక్టరు ముఖం చూస్తేనే తెలిసిపోయింది. ఇన్ని నెలలు మందులు ఎక్కించాక ఇప్పుడు ఆపరేషన్ అయింది. ఈసారి వచ్చింది గింజంత కాదు, రెండు చేతులతో పట్టుకుని దించుకోవలసినంత డబ్బా.

ల్యాబులో ఆమెను చాటున చక్రమక్క అంటారు, ఎదుట అక్క అంటారు. మైనపు దిమ్మలో బిగించిన ముక్కను వెంట్రుక కన్నా పలుచగా కోసే యంత్రానికి పక్కన ఓ చక్రం ఉంటుంది. దాన్ని తిప్పడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఇరవై రెండేళ్లు తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదాని కన్నా రెండు వేళ్లు కిందికి దిగిపోయింది కూడా. నిన్న చేరినవాళ్లూ అక్కా అంటారు, ఏడాదిలో రిటైరయ్యే స్టోర్ కీపరూ అక్కా అంటాడు. ఇంతమందికి అక్క. ఆ పిలుపు మీద అసలు హక్కున్న మనిషి మాత్రం తొమ్మిదేళ్లుగా పిలవలేదు.

"అక్కా, ఈ పెద్ద డబ్బా ఎవరి పేరున రాయను?" రిజిస్టరు దగ్గర కూర్చున్న జూనియర్ అడిగింది.

"నా పేరునే రాయి."

"మీకు ఆదివారం పరుగుందిగా. దీనికి పద్దెనిమిది దిమ్మలైనా తేలతాయి. నేను చేసేస్తాన్లెండి."

"చెప్పింది రాయమ్మా."

గొంతు అనుకున్నదాని కన్నా గట్టిగా వచ్చింది. జూనియర్ తల దించుకుని రాసుకుంది. కాసేపటికి ఆమే వెళ్లి, ఆ అమ్మాయి ఫ్లాస్కులోంచి సగం టీ అడిగి పోయించుకుని సర్దుబాటు చేసుకుంది.

ల్యాబులో తెలిసింది ల్యాబు గడప దాటకూడదు. కొత్తవాళ్లకు మొదటి రోజే ఆ పాఠం చెప్పేది తనే. కాబట్టి ఫోన్ చేసి నీకిలా అయిందటగా అని అడిగే దారి లేదు. నిజం చెప్పాలంటే అడ్డొచ్చింది ఆ నియమం ఒక్కటే కాదు. చెల్లి చెప్పలేదు. పక్కింటివాళ్లకు చెప్పి ఉంటుంది, పాలవాడికి చెప్పి ఉంటుంది, సొంత అక్కకు మాత్రం చెప్పలేదు. నాకు బాగాలేదు అని ఒక్క మాట అంటే చాలు, కాళ్లకు చెప్పులైనా లేకుండా వెళ్లిపోయేది. ఆ ఒక్క మాట కోసం ఆరు నెలలుగా ఫోన్ తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటోంది.

పదకొండింటికి పెద్ద డాక్టరు డబ్బా మూత తీశారు. ముక్క చెడకుండా పోసిన ఫార్మలిన్ ఘాటు కళ్లకు తగిలింది. ఆయన కొలుస్తూ చెబుతుంటే పక్కన నిలబడి రాసుకోవడం ఆమె పని. పొడవు, వెడల్పు, మందం. ఆయన పట్టకారుతో రొమ్ము మీది చర్మాన్ని సాపు చేశారు.

"పుట్టుమచ్చ ఒకటి. మూడు మిల్లీమీటర్లు. రాశారా?"

మిరియపు గింజంత మచ్చ. చిన్నప్పుడు నీళ్లు పోసేటప్పుడు దాన్ని గోటితో గీకి, పోవడంలేదేమే, సరిగ్గా రుద్దుకోలేదు నువ్వు అని ఏడిపించేది. అది నిజమేననుకుని చెల్లి సబ్బు తీసుకుని మళ్లీ రుద్దుకునేది.

"రాశారా?" డాక్టరు మళ్లీ అడిగారు.

"రాశాను సార్. మూడు."

ఆ సాయంత్రం స్టేడియం బయటి రోడ్డు మీద ఈల మాస్టారు అందరినీ ఎనిమిది కిలోమీటర్లతో ఆపేశారు. ఆయన ఎక్కడో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, మెడలో ఈల మాత్రం రిటైర్ కాలేదు. క్యాన్సర్ పరిశోధనకు నిధుల కోసం ఆస్పత్రివాళ్లు పెట్టిన మారథాన్‌కు ఈ పదిహేనుమందినీ తయారు చేసే బాధ్యత ఆయనది. వీళ్లు నలభై రెండు కిలోమీటర్లు పరుగెడితే, వీళ్లను నమ్మి మాట ఇచ్చినవాళ్లు విరాళాలు ఇస్తారు.

మొదటి సీసా వచ్చిన వారమే ఆమె పేరిచ్చింది. బస్సు తప్పిపోతున్నా పరుగెత్తని మనిషివి అని ఇంటాయన ముక్కు మీద వేలేసుకున్నాడు. ఒళ్లు తగ్గుదామని అంది. మొదటి నెల రెండు దీపస్తంభాల మధ్య దూరం పరుగెత్తి, రెండు స్తంభాలు నడిచేది. రెండో నెలలో కాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. అయినా మానలేదు. పరుగెడుతున్నంతసేపూ ఎక్కడికో వెళ్తున్నట్టే ఉండేది. రోడ్డు చుట్టు తిరిగి మళ్లీ అదే గేటు దగ్గర ఆగాక తెలిసేది, ఎక్కడికీ వెళ్లలేదని.

"ఇంక మీకు నేర్పాల్సింది ఏం లేదమ్మా," అన్నారు మాస్టారు చెమట తుడుచుకుంటున్న ఆమెతో. "మూడు రోజులు కాళ్లకి రెస్ట్ ఇవ్వండి. ఆ భుజం ఒక్కటీ కాస్త ఎత్తండి. వెనకనుంచి చూస్తే బిందె మోస్తున్నట్టే ఉంటుంది."

"అది నా ఉద్యోగం మాస్టారూ."

"ఉద్యోగాన్ని ఆదివారం ఇంటి దగ్గర వదిలేసి రండి."

గురువారం పొద్దున ఆమె మామూలు కన్నా గంట ముందు వచ్చింది. రాత్రంతా యంత్రంలో నీరు పోయి మైనం పట్టిన ముక్కల్ని దిమ్మలుగా పోసి చల్లబెట్టుకుంది. పంతొమ్మిది తేలాయి. ఒక్కొక్కటీ యంత్రానికి బిగించి చక్రం తిప్పుతుంటే, కత్తి అంచు నుంచి మైనం పలుచటి పట్టీలా సాగుతూ వచ్చింది. బ్రష్షు కొసతో ఆ పట్టీని ఎత్తి గోరువెచ్చటి నీళ్ల మీద పరిచింది. ముడతలు వాటంతటవే విప్పుకున్నాయి. గాజు పలకను నీళ్లలో ఏటవాలుగా ముంచి, పట్టీ కిందికి చేర్చి, పైకి లేపింది. ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది కాబట్టి ఆ క్షణం ఊపిరి బిగబట్టడం ఎంత పాత అలవాటో ఆమెకే గుర్తులేదు.

మామూలుగా గంటకు పది దిమ్మలు కోస్తుంది. ఆ రోజు గంటకు నాలుగే కోసింది. ఎక్కడా చిరగనివ్వలేదు, ఒక్క ముడత ఉండనివ్వలేదు. చెల్లికి చిన్నప్పుడు జడ వేసేటప్పుడు ఇంత ఓపిక ఉండేది కాదు, చిక్కు తగిలితే లాగేసేది. ఇప్పుడు ఎంత ఓపిక పడితే మాత్రం ఏం లాభం, ఇది చెల్లికి తెలిసేది కాదు. తెలిసినా ఇది అక్క చెయ్యి అని ఎవరు చెబుతారు?

మూడింటికి రంగు ఆరిన పలకలు అట్ట పళ్లెంలో వరసగా తయారయ్యాయి, గులాబీ రంగు మీద నీలపు చుక్కలతో. మైక్రోస్కోపు మోచేతి పక్కనే ఉంది. ఆమె డాక్టరు కాదు. కానీ ఇన్నేళ్లు చూసిన కళ్లు, మంచీ చెడూ చెప్పగలవు.

"రంగు ఎలా పట్టిందో చూస్తారా అక్కా?" జూనియర్ లైటు వేసి కుర్చీ ఖాళీ చేసింది.

"నువ్వు చూడు. నాకు కళ్లు లాగుతున్నాయి."

ఇందులో ఏముందో చెల్లి నోటి నుంచే వినాలి. లేదా అసలు వినకూడదు. ఆ పంతం ఎవరి మీదో ఆమెకే సరిగ్గా తెలియదు. పళ్లెం తీసుకెళ్లి పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టేసి, సోమవారానికి రిపోర్టు అని ఆయన అంటుంటే తల ఊపి వచ్చేసింది.

శుక్రవారం సాయంత్రం స్టేడియం మెట్ల మీద టీషర్టులు పంచారు. నిధుల విభాగంలో పనిచేసే ఆఫీసమ్మాయి పేర్లు పిలుస్తూ అట్టపెట్టెలోంచి తీసి ఇస్తోంది. ముందు నంబరు, వెనక ఎవరి కోసం పరుగెడుతున్నారో ఆ మాట. పేరు నమోదు చేసుకునే ఫారంలోనే అడిగారది. అందరూ పేర్లు రాస్తే ఆమె చెల్లి అని ఒక్క ముక్క రాసింది. పేరు రాయకపోతే నియమం తప్పినట్టు కాదని మనసుకు సర్దిచెప్పుకుంది.

టీషర్టు విప్పి చూసుకుంది. వీపు మీద పెద్ద అక్షరాలతో రెండు మాటలు. చెల్లి జ్ఞాపకార్థం.

దాన్ని తీసుకెళ్లి ఆఫీసమ్మాయి ముందు పెట్టింది.

"ఇదేంటమ్మా? నేనిలా రాయలేదే."

"ఏదీ?" ఆఫీసమ్మాయి చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో! మేం చెల్లి కోసం అనే పంపామండీ. ఆ ప్రెస్సువాళ్లు బెంచీల మీదా ఫ్యాన్ల మీదా దాతల పేర్లు రాసేవాళ్లు. వాళ్ల కంటికి పేరు కనపడితే చాలు, పక్కన జ్ఞాపకార్థం పడిపోవాల్సిందే. అందరివీ అలాగే కొట్టేశారు."

వెనక వరసలో పెద్దాయన ఒకాయన తన టీషర్టు పట్టుకుని నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడి ఉన్నాడు. దాని వీపు మీద భార్య పేరు, జ్ఞాపకార్థం. భార్య పక్కనే నిలబడి ఫ్లాస్కు మూత బిగిస్తోంది.

"పోనీలెండి, బతికుండగానే చూసుకున్నాను," అందావిడ. అందరూ ఒక్కసారిగా నవ్వారు.

ఆమెకు నవ్వు రాలేదు. "మార్చండి. నాకిది వద్దు."

"టైం లేదండీ, ఎల్లుండే కదా. పైన గుడ్డముక్క అతికించుకోండి. ముందు ఓ ఫొటో, అందరూ అటు తిరగండి, వీపులు కనపడాలి, ఒక్క నిమిషం!"

అందరూ టీషర్టులు పైనే తొడుక్కున్నాక మాస్టారి ఈల మోగింది. పదిహేనుమందీ అలవాటుకొద్దీ గిరుక్కున తిరిగారు. ఆమె కూడా తిరిగింది.

ఆ రాత్రి సూదీ దారం తీసుకుని జ్ఞాపకార్థం మీద తెల్లగుడ్డ పట్టీ కుట్టింది. కుట్టాక దూరంగా పెట్టి చూసింది. చెల్లి అన్న ఒక్క మాటే మిగిలింది. చాలు అనుకుంది. ఫొటో సంగతి తట్టనే లేదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి, పాదాలకు నూనె రాసుకుంటుంటే ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి నూనె చేత్తోనే ఎత్తింది.

"నేను చచ్చానని నీకెవరు చెప్పారు?"

తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట అది.

"ఏంటే ఆ మాటలు!"

"మాటలు నావా? వీపు మీద అచ్చేయించుకుని ఊరంతా చూపిస్తున్నావు. మా ఆడపడుచు పంపింది ఫొటో. పాపం ఎవరో, చెల్లెలు పోయిందట చూడు అని రాసి మరీ పంపింది. ముఖం కనపడకపోతే ఏం? ఆ దిగిపోయిన భుజం ఈ భూమ్మీద ఇంకెవరికుంది?"

"అది ప్రెస్సువాళ్ల తప్పే. నేను చెల్లి అనే రాశాను, వాళ్లు ఫ్యాన్ల మీద రాసేవాళ్లట..."

"ఫ్యానా? నన్ను ఫ్యాన్ చేశారా?" అవతల నవ్వు మొదలై మధ్యలోనే తెగింది. "అబ్బా. నవ్వించకు. కుట్లు లాగుతున్నాయి."

కుట్లు. ఆ మాట తనంతట తానే వచ్చేసింది. ల్యాబు సంగతులు దాచే ఇరవై రెండేళ్ల అలవాటు వెంటనే ఆమె నోట్లోకి ఎగబాకింది.

"కుట్లేంటి? ఏమైంది నీకు?"

"నటించకు. నీకు చేతకాదు. నా డబ్బా నీ దగ్గరికి రాలేదా?"

ఆమె నూనె చేతిలో ఫోన్ జారుతుంటే రెండో చెయ్యి కూడా వేసింది.

"వచ్చింది."

"మొదటి సీసా?"

"అదీ వచ్చింది."

"ఆరు నెలలు. మరి రాలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా! నేనెవరని వస్తాను? అందరికీ చెప్పుకుని ఉంటావు, నాకు మాత్రం చెప్పలేదు. నువ్వు చెబితే వద్దామని రోజూ ఈ ఫోన్..."

"చెప్పలేదా?" చెల్లి గొంతు నెమ్మదించింది. "ఏ ల్యాబుకు పంపమంటారని డాక్టరు అడిగారు. ఇక్కడే దగ్గర్లో ఒకటుంది, రెండు రోజుల్లో తేల్చేస్తారు అన్నారు. వద్దండీ, ఆ పెద్దాస్పత్రికే పంపండి అన్నాను. చీటీ నర్సు రాయబోతే లాక్కుని నేనే రాశాను, నా రాత నువ్వు పోల్చుకుంటావని. నాకు నెలలు నిండాయని అమ్మ పోయిన సంగతి దాచావు నువ్వు. నేనొచ్చేసరికి బొగ్గులే మిగిలాయి. ఆ తర్వాత నీతో నోరు తెరిచి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే సీసాలో పెట్టి పంపాను. ఇంతకన్నా ఎలా చెప్పాలి నీకు?"

ఆ గుండ్రటి చేతిరాతను తను ఆరు నెలల కిందట ఎంతసేపు చూసిందో గుర్తొచ్చింది. వయసు తగ్గించుకుందని నవ్వుకుంది కూడా. చదవడం మాత్రం చదవలేదు.

"ప్రతిరోజూ వస్తావనుకున్నాను," అంది చెల్లి. "తర్వాత అనుకోవడం మానేశాను. ఇంతకీ రేపు నలభై రెండు కిలోమీటర్లు పరుగెడతావట. మా ఇంటికి ముప్పై ఎనిమిదే."

ఫోన్ పెట్టేసింది.

ఈల మాస్టారికి ఎలా చెప్పాలో తెలియక నాలుగుసార్లు మొదలుపెట్టింది. ఆరు నెలలు వెంటపడి నేర్పిన మనిషి. మాటిచ్చిన దాతలు. ఆయన అంతా విన్నారు.

"వాళ్లు ఇచ్చేది మీ కాళ్లకి కాదమ్మా, ఆ జబ్బు మీద పనిచేసేవాళ్లకి. నేను మాట్లాడతాను. మీరు బయల్దేరండి," అన్నారు. ఆ వెంటనే, "నాకూ బాధగానే ఉందనుకోండి. మీరు పూర్తి చేసేవారు," అన్నారు.

మధ్యాహ్నం బస్సెక్కింది. దిగి అడుగుతూ ఆ ఇల్లు పట్టుకునేసరికి నాలుగైంది. తలుపు తీసింది ఎనిమిది తొమ్మిదేళ్ల ఆడపిల్ల. ఆమెను ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి, "అమ్మా, పెద్దమ్మ వచ్చింది!" అని కేకేసింది. తన ముఖం ఎన్నడూ చూడని పిల్ల. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ ఇంట్లో తన పేరు ఎవరో పలుకుతూనే ఉన్నారు.

లోపల చెల్లి మంచం మీద కూర్చుని ఉంది. తలకు నూలు రుమాలు, చిక్కిన మెడ, చంక కింది నుంచి సన్నటి గొట్టం, దాని చివర చిన్న సీసా. ఎడమ చెయ్యి ఒళ్లో పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుంది.

"బూట్లతో వచ్చావేంటి?" అంది చెల్లి.

చూసుకుంటే కాళ్లకు పరుగు బూట్లే ఉన్నాయి. గుమ్మం దగ్గరికి వెళ్లి విప్పి వచ్చింది. ఆ రాత్రి అమ్మ గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. దాచడం తప్పేనంది ఆమె. దాచకపోతే నేను పరుగెత్తుకొచ్చేదాన్ని, ఈ పిల్ల ఉండేదో లేదో అంది చెల్లి. అన్నా కూడా, తప్పు కాదని మాత్రం అనలేదు.

ఆదివారం ఐదున్నరకు మెలకువ వచ్చింది. అక్కడ పరుగు మొదలుపెట్టే తుపాకి పేలే వేళ. తుపాకి లేదు, మాస్టారి ఈలే ఉంటుంది. పద్నాలుగు మంది కదులుతూ ఉంటారు. కాళ్లు దుప్పటి కింద వాటంతటవే బిగిశాయి. వెళ్లాలని లేదని చెబితే అబద్ధమే.

పక్క మంచం ఖాళీగా ఉంది. చెల్లి వంటింటి గోడకు ఎదురుగా నిలబడి ఉంది. ఎడమచేతి వేళ్లను గోడ మీద పెట్టి, చూపుడు వేలూ మధ్య వేలూ నడిపిస్తూ పైకి పోతోంది. గోడ మీద పెన్సిల్ గీతలు మూడు, ఒకదాని మీద ఒకటి, బెత్తెడు ఎడం కూడా లేకుండా.

"ఏంటది?"

"ఎక్సర్‌సైజు. చెయ్యి బిగుసుకుపోకుండా. రోజుకి కాస్త పైకి. ఇప్పటికి భుజం దాటనివ్వద్దన్నారు." చెల్లి పళ్లు బిగించి ఉంది. వేళ్లు మూడో గీత దగ్గర ఆగిపోయాయి. "ఇంతే. ఇవాళ ఇంతే వస్తుంది."

ఆమె వెళ్లి పక్కన నిలబడింది. పట్టుకోలేదు. ఎవరో ఎత్తితే లాభం లేదని ఆరు నెలల్లో తెలిసింది.

"ఊపిరి బిగబట్టావు. వదులు. భుజం పైకి లాగకు, దింపు. వేళ్లే నడవాలి. ఆ గీత చూడకు, దాని పైకి చూడు."

"చెప్పడం తేలికే."

"తేలికే. ఒక్క అడుగు. అంతే. ఇంకొకటి."

చూపుడు వేలు గీత దాటింది. మధ్య వేలు వణికి, దాని పక్కకు చేరింది. చెల్లి కంటి కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి కానీ వేళ్లు జారలేదు.

"గీయి, తొందరగా! పెన్సిలు ఆ కిటికీ మీదుంది. గీయక్కా!"

ఆమె పెన్సిలు అందుకుంది. వెంట్రుక కన్నా పలుచగా కోసినప్పుడు ఒక్కనాడూ వణకని చెయ్యి, వేలెడు గీత దగ్గర ఊగిపోయింది.

చెల్లి చెయ్యి దించుకుని, రొప్పుతూ, గోడను చూసింది.

"వంకరగా గీశావు."

"రేపు సరిగ్గా గీస్తాలే," అంది అక్క.